తూకం తప్పింది

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పదకొండేళ్ళు కాటా పట్టినోణ్ణి, దస్తగిరిని.
బస్తా ఎక్కంగానే
ఎడమకాలి బొటనవేలు
పళ్ళెం అంచు కిందికి పోయి
కొంచెం పైకెత్తేది.
బస్తాకి కిలోన్నర.

ఎవరన్నా నిలదీస్తే
"తూకం తప్పిందిలే మా" అనేవాణ్ణి.
ఎంత మంచి భాష మనది!
చెయ్యి జారుతుంది, మాట తూలుతుంది,
పొరపాటు జరుగుతుంది.
చేసినోడు ఆ మాటల్లో యాడా దొరకడు.

ఈ రంజాన్‌లో, తరావీ అయినాక,
కొత్త పేష్‌ఇమాం, ఉదయగిరి పిల్లోడు,
గడ్డం ఇంకా సరిగ్గా రాలా,
మొదటి మనిషి సంగతి ఎత్తుకున్నాడు.
ఆజ్ఞ మీరింది ఇద్దరూనంట.
నిప్పులో పుట్టినోడు
నేరం తీసకపోయి పైవాడి మీదే వేసినాడంట.
మట్టిలో పుట్టినోడు
పక్కనే పెళ్ళాం ఉన్నా ఆమె మీదికి నెట్టలేదంట.
మేమే, అన్నాడంట.

నేను స్తంభానికి ఆనుకోని
మూడో తరగతి వ్యాకరణం తలుచుకున్నా.
ఆ వాక్యంలో కర్త ఉండాడు.
అందుకే దానికి జవాబొచ్చింది.

చెప్పులేసుకునే కాడ అడిగినా:
"హజరత్, రోజుకి వందసార్లు తౌబా చెప్పుకుంటే చాలదా?"
"నమాజు ఎగ్గొట్టుంటే అది ఆయన బాకీ,
ఆయన మాఫీ చేస్తాడు.
నిమ్మకాయలు ఆయనవి కాదు గదా చాచా."

ఆ రాత్రి క్యాలెండరు వెనక లెక్క రాసి
సున్నాలు చూసి
పెన్సిలు పక్కన పెట్టేసినా.

డేగపూడిలో రవణమ్మ
చెట్ల కింద రాలిన కాయలు ఏరతా ఉంది.
గొంతులోకి ముందొచ్చింది పాత మాటే:
"అమ్మా, అప్పట్లో తూకం తప్పిం..."
మింగేసినా.
"తప్పించినా. నేనే. కాలితో."

ఆమె నా మొహం చూళ్ళా.
"ఏ కాలు?"
చూపించినా.
చాలాసేపు చూసింది,
పురుగు పట్టిన కాయను చూసినట్టు.
"బోరుకి మూడువేలు తగ్గిన ఏడు.
అదిగో, ఆ వరస ఎండింది అప్పుడే."
అక్కడ చెట్లు లేవు. జిల్లేడు ఉంది.

కవరులో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి
రవికలో దోపుకోని
గంప నా వైపు తోసింది.
ఏరినా. ముళ్ళు గుచ్చుకున్నా
ఇది నా శిక్ష అనుకోవడానికి సిగ్గేసింది.
ఆమెకి అవి రోజూ గుచ్చుకునేవే.

పొద్దు గుంకి, దూరంగా అజా వినపడింది.
"ఉపాసమా?" అని
చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది.
మాఫీ అన్న మాట ఆమె నోట రాలా.
నేను తాగినందాకా ఆగి,

"ఇంకా పదకొండు వందలు" అంది.