గోధుమరంగు టేపు

ఈ కువైట్‌లో ఇంటి పెద్దామెను మామా అనాలి.
తొలి ఏడు ఆ మాట అన్నప్పుడల్లా
మా పుల్లంపేట మేనమామ మీసం గుర్తొచ్చి
నవ్వాపుకోలేక వంటింట్లోకి ఉరికేదాన్ని.

ఇప్పుడు ఉరకడం మా ఇద్దరికీ లేదు.

మామా లూల్వాకు నడక రాక కాదు.
హాల్లో బాగానే వస్తాది,
నాలుగు కాళ్ల స్టాండు మీద ఒంగి
చెప్పులు పాలరాతిని గీరుకుంటా.
గడప కాడ నిలబడిపోతాది.
గడప అని నేనంటున్నా, అక్కడ గడపే లేదు,
రాయి రంగు మారతాది, అంతే.
ఒళ్లు ముందుకు పోతాది, పాదాలు రావు.
"యల్లా, యల్లా" అంటే ఇంకా బిగుసుకుంటాయి.
పోయిన రంజాన్‌లో అట్లనే పడి
మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆస్పత్రిలో ఈజిప్టు పిల్ల ఒకతి
నేల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి
దాటమంది.
దాటింది!
పిల్లకాలవ దాటే మేకపిల్ల మాదిరి
ఒక్కో కాలూ ఎత్తి, ఎత్తి.

ఇంటికొచ్చినాక గీతలకు ఏముంది?
మంచం కింద నా కార్గో పెట్టె, సగం నిండింది:
పాలపొడి డబ్బాలు, మోకాళ్ల బామ్ సీసాలు,
మనవరాలికి పులిబొమ్మ దుప్పటి.
దాని మూతికని కొన్న గోధుమరంగు టేపు.
చర్రున లాగి, పండ్లతో కొరికి
బాత్రూము దాకా పదకొండు అడ్డపట్టీలు వేసినా.
వెయ్యడం తేలికే.
లేవడానికే సోఫా పట్టుకుని మూడుసార్లు ఊగినా.
మామా చూసింది. ఏమనలేదు.

పాస్‌పోర్టులో నాకు యాభై రెండు,
ఏజెంటు రాయించిన లెక్క.
మోకాళ్లకు చదువు రాదు,
అవి ఉన్నదే చెప్తాయి.

పొద్దన్నే ఒకటి, రెండు, అంటా నేను.
వాహద్, ఇత్నేన్, అంటాది ఆమె.
ఏడో పట్టీ కాడ నా కుడి మోకాలు టప్పుమంటాది.
ఆమె ఎనిమిది లెక్కపెట్టదు.
స్టాండు మీద గడ్డం ఆనించి
"షువయ్యా, ఓబులమ్మా, షువయ్యా" అంటాది,
నేను వచ్చేదాకా.

నిన్న రాత్రి నీళ్లకు లేచి
లైటు వెయ్యకుండా పోతా పోతా చూసుకుంటే
నా కాళ్లూ ఆ పట్టీలు దాటుతున్నాయి,
ఎవరూ చెప్పకుండానే.

టేపు అయిపోయింది. పెట్టె మూతి తెరిచే ఉంది.
తుడిచే నీళ్లు తగిలి
చివరి రెండు పట్టీలు అంచులు లేచినాయి.
డ్రైవర్ ఖాదర్‌వలీ శుక్రవారం బజారుకు పోతా
"ఎంత లావుది తేవాల? పెట్టెకా, ఇంకా దేనికన్నానా?"
అని అడిగినాడు.

లావుదే తెమ్మన్నా.
దేనికో చెప్పలేదు.