లోపలి అంగుళం

రువీలో, మసీదు వెనక సందులో,
మధ్యాహ్నాలు మా కొట్టు షట్టర్ సగమే ఎత్తుతాం.
జూన్ ఎండ ఆ సగంలోంచే దూరి
నా మిషన్ పాదం మీద కూర్చుంటుంది.
పొద్దస్తమానం అబాయాల నల్లగుడ్డ చూసే కళ్ళకి
తెల్లకాగితం ఒక పట్టాన ఆనదు.
అందుకే రిపోర్టు రెండుసార్లు చదివాను.
రెండుసార్లూ అదే ఉంది.

నెలకీ నెలకీ మధ్య మరకలు పడితే
వేడి చేసిందనుకున్నాను.
సబ్జా నానబెట్టుకుని తాగాను.
ఆర్నెల్లు తాగాను.

ఫోన్లో మా అత్త:
"మొత్తం తీయించెయ్యి దీవెనా,
బతికుంటే బలుసాకు తినొచ్చు."
సొహార్ నుంచి ప్రభుదాసు ఏమీ అనలేదు.
క్రేన్ మీద ఉన్నాడు.
ఫోన్లో గాలే చాలాసేపు మాట్లాడింది.

డాక్టర్ బుథైనా నాకంటే చిన్నదేమో.
కాగితం మీద తలకిందులుగా ఒక సంచి గీసింది,
సంచి మూతి దగ్గర పెన్నుతో చుక్క పెట్టింది.
"రెండు సెంటీమీటర్లు కూడా లేదు.
మూతి వరకే కోస్తాను. సంచి ఉంచుతాను."
సిస్టర్ జిన్సీ హిందీలో చెప్పబోయింది.
వద్దన్నాను.
కొలతలు నాకు ఏ భాషలోనైనా తెలుస్తాయి.

మూతి కోసేస్తే సంచి ఎలా నిలుస్తుంది?
"చుట్టూ దారం వేసి బిగిస్తాను."
లంగా బొందులాగా, అన్నాను.
ఆవిడకి లంగా తెలీదు.
నా బ్యాగులో లైనింగు ముక్క ఎప్పుడూ ఉంటుంది.
తీసి, అంచు చుట్టూ టాకాలు వేసి, లాగి చూపించాను.
కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.
"ఇదే. సరిగ్గా ఇదే."

ఏం దారం? పత్తిదైతే చివికిపోతుంది.
"చివకనిది."
ఎప్పుడు విప్పుతారు?
"విప్పను. బిడ్డ వస్తే పొట్ట కోసి తీస్తాం."
వస్తే.
ఆ ఒక్క మాటా ఆవిడ మెల్లగా అంది,
మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పి
సూది దించినట్టు.

ముందు గ్రంథులు తీసి చూస్తారట.
అక్కడికి పాకి ఉంటే ఈ బొమ్మ చించెయ్యాలట.
పాకకపోయినా, కడుపు నిలవకపోవచ్చు,
నెలలు నిండకుండానే కాన్పు రావొచ్చు,
జబ్బే మళ్ళీ రావొచ్చు.
ఇన్ని లోపాలు చూపించి
ఏ కొట్లోనూ గుడ్డ అమ్మరు.
అందుకే నమ్మాను.

పెళ్ళై ఆరేళ్ళు.
శుక్రవారాలన్నీ కూడితే
మేం కలిసి ఉన్నది పది నెలలు.
నాకు పిల్లలు కావాలో అక్కర్లేదో
నిజంగా నాకే తెలీదు.
అత్తకీ చెప్పలేదు, పాస్టరమ్మకీ చెప్పలేదు,
మత్తు ఇచ్చేముందు జిన్సీకి చెప్పాను.
"తెలీకపోతే ఏం, తెలిసేదాకా ఉంచుకో" అంది,
నా గాజులు తీసి కవర్లో వేస్తూ.

గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి.
ప్రభుదాసు బస్సులో వచ్చాడు,
ఐదు కిలోల మామిడిపళ్ళు తెచ్చి
ఒక్కటీ కొయ్యకుండా మంచం పక్కన కూర్చున్నాడు.
"కుట్టు నొప్పిగా ఉందా?" అనడిగాడు.
ఎవరి చేతికుట్టో చూశాను,
మంచి పనిమంతురాలే, అన్నాను.
అప్పుడు ఏడ్చాడు.

ఎనిమిదో వారం మళ్ళీ కొట్లో.
ఒక బలూచీ ఆవిడ రెండేళ్ళ కిందటి జలాబియా తెచ్చింది,
నేను కుట్టిందే, ఆకుపచ్చది.
ఒళ్ళు చేసిందట, పక్కల్లో పట్టడం లేదట.
రఫీక్ మాస్టర్ నవ్వాడు:
"కొత్తది కుట్టించుకో తల్లీ."
ఆయనకి నా అలవాటంటే మొదట్నుంచీ కోపం,
కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలడం.
కళ్ళెదుట పారేసిన డబ్బంటాడు.

బ్లేడుతో ఒక్కో టాకా తెంపాను.
పక్కలు విచ్చుకున్నాయి.
పైనంతా రెండేళ్ళ ఎండకి వెలిసిన ఆకుపచ్చ.
లోపలి అంగుళం మాత్రం
థానులోంచి ఇప్పుడే కోసినట్టుంది.
ఆవిడ వేలితో తడిమి చూసింది.
నేనూ చూశాను.

మూడో నెల కార్డు
మిషన్ సొరుగులో, సూదుల డబ్బా కింద ఉంది.
మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర.
పరగడుపున రానక్కర్లేదట.