ఇరవై ఏడు నంబరు

ఎనుమాముల మార్కెట్ ఆఫీసుకు
మిర్చి సీజన్‌ల పోతే
ముందుగాల తుమ్ముడే పని.
ఫోన్లు తర్వాత.

కాజీపేట నుంచి బండి మీద పదకొండు ఫోన్లు తెచ్చిన,
వైర్లు లేనివి.
కరెంటుది ఒక్కటుంటది.
"మరి గిదేంది?" అని
సూపరింటెండెంట్ దాన్నే పట్టుకొని అడిగిండు.
పాత తీగెలు గోడల నుంచి గుంజుతుంటే
సున్నం పెచ్చులు రాలినయి,
వాటి ఎనుక ఎవరో పెన్సిలుతో రాసుకున్న
ఏనాటిదో పత్తి రేటు.

పని చిన్నదే.
పచ్చలైటు కొట్టుకునేదాకా మీట ఒత్తి పట్టుకోవాలె,
పాత నంబరు చెరిపి కొత్తది కొట్టాలె.
చైర్మన్ గదికి ఇరవై ఒకటి.
క్యాష్ కౌంటరును ఇరవై నాలుగు నుంచి ముప్పైకి మార్చిన.
వాస్తు అన్నడు క్యాషియరు,
నేనేం అనలే.

ఇరవై ఏడు కాడ చెయ్యి ఆగింది.

కాంటాల సెక్షను, మొగిలి సారు నంబరు.
పందొమ్మిదేండ్లు.
సారు జమ్మికుంటకు బదిలీ అయి నెల దాటింది,
ఆ కుర్చీల ఇప్పుడు తస్లీమ్ మేడమ్.
"మార్చెయ్యి భయ్యా" అన్నది.
"పొద్దంతా సారునే అడుగుతరు.
లేడంటే ఏడికి పోయిండంటరు,
జమ్మికుంట అంటే ఎందుకంటరు,
నా పేరు చెప్తే పెట్టేస్తరు."

మార్చుడెంత సేపు? మూడు మీటలు.
రేపటి సంది ఇరవై ఏడు కొట్టినోళ్లకు
ఈ నంబరు వాడుకలో లేదని
ఓ తియ్యటి గొంతు చెప్తది,
పరకాలల ఎవరికి ఏం రంది ఉన్నదో
దానికేం ఎరుక.

అంతట్లనే మోగింది.
మేడమ్ చెయ్యి చాపేలోపల
ఛాయ్ గ్లాసుల పళ్లెం బీరువా మీద పెట్టి
సరోజన ఎత్తింది.
"ఆఁ, నేనే.
తేజ పదిహేడు వేలు పలికింది జెండా పాటల.
చపాట ఇంక కాలే.
తడి ఉంటే తేకు, మాపటికి కోసుకుంటరు రేటు.
ఎల్లుండి అమాస, యార్డు బందు.
కోడలు పానం ఎట్లున్నది?"

ఎవరని అడిగిన.
"ఆత్మకూరాయన. మొఖమెన్నడు చూడలే."

సరోజన అటెండరు.
టేబుల్ లేదు,
నా చేతిల ఉన్న లిస్టుల పేరు లేదు.
సారు కాంటాల కాడికి పోయినప్పుడల్లా
ఇరవై ఏడు ఆమెనేనట.
సారు ఎప్పుడూ కాంటాల కాడనే.

బ్యాగుల అడుగున ఇంకోటి ఉన్నది,
పన్నెండోది, స్పేరు.
వరండాల, మంచినీళ్ల కుండ పక్క స్టూలు మీద పెట్టిన.
షేర్డ్ లైనంటే ఏందో చెప్పిన:
నంబరొకటే, ఫోన్లు రెండు,
రెండూ ఒక్కపాలే మోగుతయి.
మేడమ్ ఎత్తితే నీ దాని మీద ఎర్రలైటు,
మేడమ్ హోల్డుల పెడితే
నువ్వు ఈడ ఎత్తుకోవచ్చు,
మాట కింద పడదు.
సరోజన లైటును కొంగుతో తుడిచి
"చేదబాయికి రెండు గిరకలున్నట్టు" అన్నది.

పేరుకు ఒకటే గడి ఉంటది.
తస్లీమ్ అని కొట్టి, ఒక గీత పెట్టి,
సరోజన అని కొట్టిన.
తెర చిన్నది. సరో కాడ తెగింది.
నేను మళ్ల చెరపబోతే
"ఉండనియ్ బిడ్డా" అన్నది.
"సరో అని పిలిచేటోళ్లు ఇప్పుడెవరూ లేరు."

గేటు కాడ మిర్చి బస్తాల నడుమ బండి ఆపి
నా సెల్లు నుంచి బోర్డు నంబరు కొట్టి
ఇరవై ఏడు ఒత్తిన, టెస్టింగుకు.
మేడమ్ ఎత్తింది.
గొంతు మార్చి, "మొగిలి సారున్నడా?" అన్న.
"ఒక్క నిమిషం, లైన్ల ఉండండి" అన్నది,
పెట్టెయ్యలే.
కొంచెం సేపు హోల్డు సప్పుడు.
నాకు తుమ్మొచ్చింది.

"నువ్వేనా?" అన్నది వరండాల గొంతు.
"మబ్బువట్టింది చూసినవా?
కల్లాలల్ల మిర్చి ఆరబోసి ఉన్నరు,
ఆత్మకూరాయన మళ్ల చేస్తడు.
లైను ఇడువు."