లేని గడి

బీప్.
ఇరవై మీటర్లు. తిరుగు. బీప్.

కుదుస్ కాలేజీ మైదానంలో
లింతాంగ్‌కి పందొమ్మిదేళ్లు.
ఆరో లెవెల్ దాటగానే
డొక్కలో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టు.
తోటివాళ్లు కబుర్లాడుకుంటూ పరిగెడుతున్నారు.

ఏడు. కాళ్లున్నాయి. గాలే లేదు.

"సిగరెట్ తాగుతావా?"
కాగితం మీంచి తలెత్తలేదు సార్.
"ఎప్పుడూ లేదండీ."
నిజమే. ఆ గడిలో టిక్కు పడింది.

ఇంకో గడి లేదు,
వానల్లో కిటికీలు మూసిన ఒంటి గదికి,
తను నిద్రపోతుంటే తలాపున
ఫుట్‌బాల్ చూస్తూ నాన్న వెలిగించినవాటికి.

లవంగం వాసన ఆమెకి పొగ కాదు, ఇల్లు.
జడ విప్పితే అదే.
దిండు తిరగేస్తే అదే.

అమ్మ ఫ్యాక్టరీలో పూటంతా అవే చుడుతుంది.
పోయిన నెల
ఆ పసుపెక్కిన వేళ్లే
ఈ బూట్ల డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాయి.

లేసు ఊడింది. కట్టుకుంది.
గుండె ఇంకా చెవుల్లోనే కొట్టుకుంటోంది.

సాయంత్రం గుమ్మం ముందు
చెప్పుల వరసలో బూట్లు విడిచి
కాసేపు నిలబడింది.
లోపల నాన్న నవ్వు, దగ్గు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

ఛాతీ నిండా ఒక్క ఊపిరి పీల్చుకుని
అలాగే పట్టుకుని
లోపలికి వెళ్లింది.