గంటన్నర టైము

ఓడ మీద నా పని బూట్లు.
రెండు వందల అరవై జతల రబ్బరు బూట్లు,
దిగేటప్పుడు ఇచ్చుడు, ఎక్కేటప్పుడు కడుగుడు.
కొల్లాపూర్ల ఈ మాట చెప్తే
మా చిన్నాయన ఎల్లమంద నవ్విండు:
"గుడి ముంగట చెప్పులు కాసుడే కదరా!"

ఆ ఊర్ల చెట్టు లేదు.
చెట్టు లేని ఊర్ల
ఎవరు ఏడ నిలబడ్డా అందరికీ కనబడుతరు.
ముప్పై ఇండ్లు, ఒక దుకాణం,
దండెం మీద ఆరేసిన ఎర్రటి చేప తునకలు.
"గంటన్నర టైము" అన్నడు మైకుల గైడు.
నూట పది మంది ఊరి మీదికి
రెండు వందల అరవై మంది దిగిండ్రు.
ఎవరో కిటికీలకెల్లి ఫోటో తీసిండ్రు.
లోపల టీవీ చూస్తున్న పిల్లగాడు
లేచి పరదా గుంజిండు.

నేను ఒడ్డున బకెట్ పట్టుకొని ఉన్న.
ఒక ముసలామె వచ్చింది, పేరు మియాలియా,
జాకెట్ మీద హాకీ టీం బొమ్మ.
"చేతులకు తొడుగుల్లేవేం?" అన్నది.
ఆర్నెల్లల్ల ఓడ మీద
నా చేతులు చూసినోళ్లు లేరు.

నీ ఊరేదంది.
నీళ్ల కింద ఉన్నదన్న.
నా ఇంగ్లీషు తప్పనుకొని మళ్ల అడిగింది.
కృష్ణకు డ్యాం కడితే మా నాయన
తలుపులూడదీసి బండికెక్కించి
గడ్డకొచ్చిన సంగతి చెప్పిన.
ఎండకాలం నీళ్లు దిగితే
మా పాతర రాళ్లు తేల్తయి,
పోయి చూసొస్తం, అంతే.

ఆమె జరసేపు మాట్లాడలే.
"మేమూ ఈడోళ్లం కాదు.
నాకు ఐదేండ్లప్పుడు ఓడ తెచ్చి దించింది.
రెండేండ్లకు మళ్లొచ్చి తీస్కపోతమన్నరు."

జేబులకెల్లి ఎండుచేప తీసిచ్చింది.
నమిలితే సోమశిల రేవుల
మా అవ్వ ఎండేసిన జెల్ల లెక్క
ఉంటదనుకున్న.
ఉండలే. ఉప్పు లేదు. వేరే రుచి.
ఒకటే అని చెప్పుకోవాలని ఉండె నాకు.

ఇప్పుడు సోమశిల లాంచి మీద మైకు నాదే.
నల్లమల ఒడ్డున పెంట కాడ ఆపుమంటరు,
చెంచోళ్లను చూస్తరట.
"గంటన్నర టైము" అన్న మొన్న,
నా నోటితోనే.
మేం దిగేలోపల చిగుర్ల బయ్యన్న
గుడిసెకు తడక అడ్డం పెట్టిండు.

మళ్లేటప్పుడు నీళ్ల దాక వచ్చి అడిగిండు:
"లైటుకు సెల్లులు తెమ్మంటి, తెచ్చినవా?"
మర్చిపోయిన.
వచ్చే ట్రిప్పుకు తెస్తనన్న.
ఆయన లాంచి దిక్కు చూసిండు,
నా దిక్కు చూడలే.