విప్పి చూసినందుకు

క్లాక్స్‌విక్ రేవులో వాన అడ్డంగా కురుస్తుంది.
ఆ రోజూ అలాగే కురిసింది.
మార్యున్ అల్లిక మిషను
సగం స్వెట్టరు నోట కరుచుకుని ఆగిపోయింది.

ఏ సూదీ విరగలేదు. మోటారు వెచ్చగానే ఉంది.
తెర మీద ఒక్కటే వాక్యం:
అధీకృత సేవా కేంద్రాన్ని సంప్రదించండి.
ఈ దీవుల్లో ఆ కేంద్రం మూతపడి నాలుగేళ్లు.
ఆ నంబరుకి ఫోన్ చేస్తే
ఎవరో పిజ్జా ఆర్డరు రాసుకుంటారు.

చిప్‌కి నాలుగు తీగలు తగిలించి
లోపలి రాతని నా లాప్‌టాప్‌లోకి పిండుకున్నాను.
రాసినవాళ్ల భాష కాదది,
ఆ భాషని నమిలి మింగాక మిగిలిన పిప్పి:
తెచ్చుకో, పోల్చు, సమానమైతే దూకు.
తెచ్చుకో, పోల్చు, దూకు.
పేర్లన్నీ రాలిపోయాయి.

మూడో రాత్రి దొరికింది:
ఇన్ని లక్షల కుట్లు దాటితే ఆగిపో.
అరుగుదల కాదు, లోపమూ కాదు.
ఎవరో కుర్చీలో కూర్చుని, కాఫీ చల్లారేలోపు,
మిషను చావుకి ముహూర్తం పెట్టారు.

లాయరు త్రోందుర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"మిషను ఆవిడదే. లోపలి మాట ఆవిడది కాదు.
చూడటం ఒక సెక్షను, మార్చటం ఇంకోటి,
చూసింది ఊరికి చెప్పటం మూడోది.
ఇంతకీ 'అంగీకరిస్తున్నాను' నొక్కిందెవరు?"
"మా ఆయన," అంది మార్యున్, "చేపల చేత్తోనే.
నలభై పేజీలు చదివే మనిషైతే
నేను చేసుకునేదాన్నే కాదు."

దారిలో చెప్పింది:
వాళ్ల అమ్మమ్మ, ఎవరి స్వెట్టరైనా నచ్చితే
అడిగి తెచ్చుకుని, అంచున రెండు వరసలు విప్పి చూసి
మళ్లీ అల్లి ఇచ్చేదట.
దాన్ని దొంగతనం అనలేదెవరూ.
అదే నమూనాకి తన పేరు పెట్టుకున్న హెర్బోర్గ్‌తో మాత్రం
చర్చిలో పదకొండేళ్లు ఎవరూ మాట్లాడలేదట.

'దూకు' అన్న ఒక్క మాట తీసేశాను. రెండు బైట్లు.
మిషను గొంతు సవరించుకుని
ఆగినచోటి నుంచే రెండో చేయి అల్లుకుపోయింది.

ఇంతవరకే అయితే హాయిగా నిద్రపోయేదాన్ని.

తాళం తీయమని పిలిచిన ఇంట్లో
పక్క గది తలుపు కూడా తోశాను.
భుజం వంపు దగ్గర కుట్లు తగ్గించే లెక్క ఉందక్కడ.
ముప్పై ఒక్క ఆదేశాలు. ఒక్కటి తీసినా కూలుతుంది,
ఒక్కటి కలిపినా బరువే.
అర్ధరాత్రి ఒంటరిగా, పైకే నవ్వాను.
ముహూర్తం పెట్టిన చేయీ ఇదీ ఒకటేనా?
తెలిసే దారి లేదు. పేర్లు రాలిపోయాయిగా.

దాన్ని కాగితం మీద ఎక్కించుకున్నాను.
వాడలేదు. అమ్మలేదు. చింపనూ లేదు.
గుట్టు ఎందుకు విప్పావంటే
మార్యున్ స్వెట్టరు చూపిస్తాను, మోచేతి దాకా.
సొరుగులో ఆ కాగితం ఎందుకంటే

వాన ఇంకా అడ్డంగానే కురుస్తోంది.
కంపెనీ నుంచి మందపాటి కవరు వచ్చింది.
అదొక్కటే, ఇంకా విప్పలేదు.