చెరిపిన పెన్సిలు

బొమ్మలు ఆయనవి.
బుడగల్లో అక్షరాలు నావి.
విన్నిపెగ్‌లో, బూట్లు కుట్టే దుకాణం మీది గదిలో
ఇరవై ఆరేళ్లు
ఒరెస్ట్ మాటలకు నేను సిరా పోశాను.

ఆయన గీసింది ఒక బస్సు. పదిహేడో నంబరు.
డ్రైవరు మెర్విన్‌కి బానపొట్ట, కోటుకి ఎప్పుడూ ఒక గుండీ తక్కువ.
మొదటి సీట్లో టిఫిన్ డబ్బాతో ఒకడు, పేరు లేనివాడు.
రోజుకు నాలుగు గడులు.
ఒకదాంట్లో చలి, ఒకదాంట్లో చిల్లర వెతుక్కునే ముసలమ్మ,
మూడోదాంట్లో మెర్విన్ విసుగు,
ఆఖర్న ఆ డబ్బావాడు విసిరే ఒక్క ముక్క.
అరవై పత్రికలు వేసుకునేవి.
కాఫీ మరకల పక్కన జనం నవ్వుకునేవాళ్లు.

నాకొక్కదానికే తెలిసింది ఏమిటంటే
సిరా కింద పెన్సిలు ఉండేది.
ముందొక మాట రాసి, చెరిపి,
దాని మీదే ఇంకోటి రాసి నా బల్ల మీదికి తోసేవాడు.
దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గాట్లు కనపడేవి.
"చలిగా ఉంది" కింద "చేతులిటివ్వు."
"రేపు కలుద్దాం" కింద "పద, ఇంటికెళ్దాం."
నేను పైమాటే రాసేదాన్ని.
జీతం దానికే.

గిల్బర్ట్‌ది నది అవతల రొట్టెల బట్టీ.
పొద్దున్నే పిండి చేతులతో వచ్చి
ఆరని బొమ్మ మీద వేలిముద్ర వేసి పోయేవాడు.
సిండికేటు నుంచి ఫోనొస్తే ఒరెస్ట్
"ఎవరూ లేరండీ, అద్దెకుండే మనిషి" అనేవాడు.
అలా అన్నప్పుడల్లా గిల్బర్ట్
అద్దె బాపతు అని ఒక బన్ను బల్ల మీద పెట్టేవాడు.

పదకొండో ఏట, ఒక మంగళవారం,
ఆయన చెరపలేదు.
చివరి స్టాపు. మంచు. మెర్విన్ ఇంజను ఆపాడు.
ఇద్దరూ ఒకే గుమ్మం ముందు.
తాళంచెవి డబ్బావాడి జేబులో.
ముద్దూ లేదు, ఉపన్యాసమూ లేదు.
"బూట్లు బయట విప్పు" అన్న మూడు ముక్కలు నేనే రాశాను,
చెయ్యి వణికి ఒక అక్షరానికి కాలు సాగింది.

శుక్రవారానికి నలభై మూడు పత్రికలు బస్సు దిగిపోయాయి.
గోనెసంచుల్లో తిట్లొచ్చాయి, తూకానికి అమ్మేంత.
ఒక్క ఉత్తరం మాత్రం ఉత్తరాది గనుల నుంచి,
పెన్సిలుతో, సంతకం లేకుండా:
"ఆ ఇంట్లో పొయ్యి ఏ వైపు ఉంటుంది?"
ఒరెస్ట్ రోజంతా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.
మర్నాడు ఇల్లు గీశాడు. పొయ్యి ఎడమవైపు.

తర్వాత గిల్బర్ట్ చిక్కిపోయిన చలికాలం.
నర్సులు భోజనం పళ్లెం గుమ్మం దగ్గరే పెట్టి పోయేవాళ్లు.
మూడు వారాలు మొదటి సీటు ఖాళీ,
బస్సు నడిచింది, బుడగలు లేవు.
రాయని అక్షరాలకు ఒరెస్ట్ చెక్కు పంపాడు.
తిప్పి పంపాను. మళ్లీ పంపాడు.
నాలుగో వారం ఒక్కటే గడి:
సీటు మీద టిఫిన్ డబ్బా,
దానికి కూడా టికెట్ కొడుతున్న మెర్విన్.

మొన్న మ్యూజియం కుర్రాడొచ్చాడు, తెల్ల గ్లౌజులతో.
కాగితాలన్నీ గాజు కింద పెడతారట.
"ఈ మరకలు శుభ్రం చేయించమంటారా థోరా గారూ?"
పద్నాలుగు వేలిముద్రలు, లెక్కపెట్టి చూపించాడు.
ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాను,
డెబ్భై తొమ్మిదేళ్ల చేతులతో.
దీపం కింద ఏటవాలుగా పట్టి చూడమని మాత్రం
చెప్పలేదు.
చూసేవాడు చూస్తాడు.